మూట విప్పేవారి బాధ్యత

లాయరమ్మగారికి,

చిట్టీ అని పిలవడానికి నోరు రావడం లేదు. నాకు రాయడం రాదు కాబట్టి ఇది స్టోరు గుమస్తా రాస్తోంది. నా తిట్లు ఆవిడ మింగేస్తోంది. ఒక్కటీ వదలొద్దని పక్కనే కాపలా కూర్చున్నాను.

ఆస్పత్రి లాండ్రీలో పన్నెండుమందిమి నిన్ను చూసుకునే కేసు వేశాం. వార్డుల నుంచి వచ్చే దుప్పట్లలో వాడిన సూదులుంటున్నాయని, ఒకటి గుచ్చుకుని మాలో ఒకామె, ఆ పొడుగామె, కాలేయం పాడైందని, వైద్యం ఆస్పత్రే చేయించాలని. సగంలో నల్లకోటు విప్పేసి, కేసు పెద్ద లాయరుగారి చేతిలో పెట్టి, ఆరోగ్య విధానాలకి సలహాదారునయ్యానంటావా? అదేం ఉద్యోగమే? మన ఇంట్లో బడి గడప తొక్కింది నువ్వొక్కదానివే. ఆ చదువు మా కోసం నోరు విప్పుతుందనుకున్నాం. పొడుగామె మొహం ఎలా చూడమంటావు?

నీ అక్క
(తిట్లు ఇంకా ఉన్నాయి. కాగితం అయిపోయింది.)


ప్రియమైన అక్కా,

తిట్టు, పడతాను. కానీ విను. నాకూ ఒళ్లు మండే ఇందులో చేరాను. నాలుగేళ్లలో కోర్టు మనకిచ్చింది వాయిదాలే. గెలిచినా అది మీ పన్నెండుమందికే. రేపు ఇంకో ఆస్పత్రిలో ఇంకొకామెకి గుచ్చుకుంటే మళ్లీ మొదటి నుంచి మొదలు. అదే నిబంధన మారితే అన్ని ఆస్పత్రులూ మారాలి.

మా సంస్థ ప్రభుత్వానికి నిబంధనలు రాసిపెడుతుంది. ఆస్పత్రి బట్టల నిబంధన నేనే అడిగి తీసుకున్నాను. మూడు వారాలు తలెత్తకుండా రాశాను. అభిప్రాయాలు చెప్పమని ముసాయిదాని ఆస్పత్రులన్నిటికీ పంపారు. అందులో పొడుగామె ఉందక్కా. పేరు లేదంతే.

నీ చిట్టి


చిట్టీ,

నిన్న కోర్టులో నీ రాత విన్నాం. ఆస్పత్రి లాయరు లేచి చదివాడు. "లాండ్రీ కార్మికులు మందపాటి గ్లవ్స్ ధరించి, ప్రతి దుప్పటినీ తనిఖీ చేయాలి. ఇది మూట విప్పేవారి బాధ్యత." చదివి నవ్వాడు. "ఇది రాసింది వీళ్ల పాత లాయరే. సూది చూసుకోకపోవడం కార్మికుల తప్పేనని ఆవిడే అంటున్నారు" అన్నాడు. జడ్జిగారు ఆ కాగితం తీసి ఫైల్లో పెట్టించారు. పొడుగామె నా వైపు చూసింది. నేను తల తిప్పేసుకున్నాను.

మందపాటి గ్లవ్స్ వేసుకుంటే సూది ఎలా తెలుస్తుందే? అరచేత్తో మెల్లగా నిమిరితేనే తెలుస్తుంది. అలా షిఫ్టుకి ఆరొందల దుప్పట్లు! సూది పొడిచినవాళ్లే దాన్ని వార్డులో డబ్బాలో వేయాలని రాయడానికి నీకేం అడ్డొచ్చింది? నన్నొక్క ముక్క అడిగావా?

అక్కనని చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్న
నీ అక్క


అక్కా,

అడగలేదు. డాక్టర్లని అడిగాను, యంత్రాలు అమ్మేవాళ్లని అడిగాను, నిన్ను అడగలేదు. నీ దగ్గరే పెరిగాను కదా, నీ పని నాకు తెలియదా అనుకున్నాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ముసాయిదా వెనక్కి తీసుకుందామని మా డైరెక్టరుని అడిగాను. "సంస్థ పరువు పోతుంది, నోరు మూసుకో" అన్నాడు. మూసుకోను. పెద్ద లాయరుగారు వచ్చే వాయిదాకి నన్ను సాక్షిగా పిలిపిస్తున్నారు. ఆ మాట నేనే రాశానని, చూడకుండా రాశానని, అది తప్పని బోనెక్కి చెబుతాను. ఆ రోజుతో ఈ ఉద్యోగం ఉండదు. అభిప్రాయాలకి గడువు ఇంకా ఉంది కాబట్టి నీ ఉత్తరాన్నే, ఉన్నదున్నట్టు, అభ్యంతరంగా పంపాను.

క్షమించమని అడగడం లేదు.

చిట్టి


చిట్టీ,

కోపం తగ్గలేదు. తగ్గిందనుకుని రాకు.

నీ ఉత్తరం పొడుగామెకి చదివి వినిపించాం. "బాగానే ఉంది. పోనీ ఇప్పుడైనా లాండ్రీ చూశారా అని ఆ ఆస్పత్రి లాయరు అడిగితే మీ చెల్లెలు ఏం చెబుతుంది?" అంది. ఏం చెబుతావు?

వాయిదాకి రెండు రోజుల ముందు వచ్చెయ్. పొద్దున ఆరింటికి షిఫ్టు. మూటలు దిగే చోట పొడుగామె పక్కన నిలబడు. మా చేతులు చూడు. ఎక్కడ ఏ సూది దొరుకుతుందో నీ కళ్లతో చూసి, అప్పుడు ఎక్కు బోను.

దుప్పటి మాత్రం ముట్టుకున్నావో, చెయ్యి విరగ్గొడతాను.

అక్క