గుండెకు కట్టిన రేడియో

నాయనా,

బాగున్నావా అని అడిగే అలవాటు ఇంకా పోలేదు. నువ్వు పోయి మొన్నటికి మూడేళ్ళు నిండాయి. ప్రొద్దుటూరులో మేం బాగానే ఉన్నాం. అమ్మ కాస్త ఒళ్ళు చేసింది. నేను సంతోషంగానే ఉన్నాను, నిజంగా.

"మా పాప గుండెకు రేడియో కట్టే పని చేస్తాంది" అని బస్టాండులో అందరికీ చెప్పేవాడివి, గుర్తుందా? అది తయారైంది. రూపాయి బిళ్ళంత ఉంటుంది. ఛాతీకి అంటిస్తే గుండె కొట్టుకోవడం చూసి, వైర్లు లేకుండా జేబులోని ఫోనుకు చెబుతుంది. ఆ ఫోను ఇంట్లోవాళ్ళకు చెబుతుంది. చిక్కంతా బ్యాటరీతోనే, చొక్కా గుండీ అంత ఉంటుంది. వినడానికి పెద్దగా ఖర్చు కాదు నాయనా, మాట్లాడటానికే అయిపోతుంది. అందుకని గుండె తేడా చేస్తేనే నోరు విప్పేలా, లేకపోతే గమ్మున ఉండేలా చేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఈ పనిలో మాకు సాయం చేసే డాక్టరు మొదట ఎవరికి అంటించమన్నాడో తెలుసా? జమ్మలమడుగు ఓబులేసు మామకు. అవును, ఆయనకే! పోలింగు బూతులో నువ్వొక పార్టీ ఏజెంటువి, ఆయన అవతలి పార్టీ ఏజెంటు. ఆ ఫ్యాక్షన్ రోజుల్లో మీరిద్దరూ ఒకే హోటల్లో టీ తాగింది లేదు. ఇప్పుడాయనకు ఉన్నట్టుండి గుండె తడబడి కళ్ళు తిరుగుతున్నాయి. ఒంటరిగా గొర్రెల వెంట పోవద్దన్నారు. గొర్రెలు లేకుండా ఆ మనిషి ఉండగలడా? నా బిళ్ళ పనిచేస్తే పోవచ్చు, లేకపోతే మంద అమ్ముకోవాల్సిందే.

మూడో రోజు చెమటకు బిళ్ళ ఊడిపోయింది. ఫోను గమ్మునుంది. గమ్మునుందంటే బాగున్నాడనుకున్నాం... ఆయనేమో శనక్కాయ చేను గట్టున స్పృహ తప్పి పడున్నాడు. దారినపోయేవాళ్ళు చూసి ఆసుపత్రిలో చేర్చారు కాబట్టి దక్కాడు. సిగ్గుతో నాకు అన్నం దిగలేదు.

అమ్మ ఓదార్చలేదు, తిట్టింది. గమ్మునుంటే మంచిదని ఏ ఇంట్లో నేర్చుకున్నావని అడిగింది. నువ్వు పులివెందులకు మీటింగులకు పోయినప్పుడల్లా ఏమనేవాడివి? "ఆడికి పోయినాంక ఎస్టీడీ బూతు నుంచి ఒక్క రింగు ఇస్తా. ఎత్తవాకండి, పెట్టేస్తా. అది రాకుంటేనే ఏదో అయిందనుకోండి." ఆ ఒక్క రింగు కోసం అమ్మ వంట కూడా మానేసి ఫోను పక్కనే కూర్చునేది. ఆ ఇంట్లో పెరిగి నేనింత తప్పెలా చేశాను?

మళ్ళీ మొదలుపెట్టాను. ఇప్పుడు బిళ్ళ కాసేపు నిద్రపోతుంది, లేచి, గుండె చప్పుడు అందితేనే 'ఉన్నా' అని ఒక్క మాట చెబుతుంది, మళ్ళీ నిద్ర. రెండుసార్లు ఆ మాట రాకపోతే అవతలి ఫోను మోగుతుంది. బ్యాటరీ కాస్త తొందరగా అయిపోతుంది, కానీలే.

జమ్మలమడుగు వెళ్ళి మామను క్షమించమని అడిగాను. మళ్ళీ అంటించుకోవడానికి ఒప్పుకున్నాడు. కబురు ఎవరి ఫోనుకు పోవాలి, ఏమరకుండా చూసేవాళ్ళెవరని అడిగితే అమ్మ పేరు చెప్పాడు. ఫోను కోసం కాచుకోవడం ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదట. ఆ ఫ్యాక్షన్ రోజుల్లో ఆమెను అట్లా భయంతో కూర్చోబెట్టిన పాపంలో తనకూ భాగముందట.

అమ్మకు చెప్పాను. మర్నాడు పొద్దున తన ఫోను ఛార్జర్ ఎక్కడుందని అడిగింది.

మామ మందతో బయలుదేరాడు. మొన్న వాగులో సిగ్నల్ లేక కబురు ఆగిపోయింది... ఆయన గట్టెక్కగానే అమ్మ ఫోన్ చేసి ఎట్లా తిట్టిందనుకున్నావు! బతికున్నన్నాళ్ళూ నిన్ను కూడా అంత తిట్టలేదు.

నీకు కోపం వస్తోందా నాయనా? వచ్చినా సరే. ఆయన బ్యాటరీ మాత్రం అయిపోనివ్వను.

నీ బిడ్డ,
సుజాత