పైవీధి ఖాళీ కుర్చీలు

కొక్కినియా, పిరేయస్
మార్చి 1928

మెర్సీనా అత్తయ్యా,

మీ చేతిని ముద్దు పెట్టుకుని మీ కోడలు ఫిలియో రాస్తున్న ఉత్తరం. మోకాళ్ళ నొప్పి తగ్గిందని బావగారు రాశారు. సంతోషం. ఇక్కడి సంగతి ఇంకెవరి నోటో మీరు వినకముందే నేనే చెబుతున్నాను. వచ్చే నెల మొదటి ఆదివారం మన అయివలీ కాందిశీకుల సంఘం సమావేశంలో మీ అబ్బాయి ప్రోకోపిస్ కుర్చీలో నేను కూర్చోబోతున్నాను. మొత్తం చదివాక కోప్పడండి.

పురపాలక సంఘం మన పేటకు మంచినీళ్ళ పంపు ఇస్తానంది. ఒక్కటే. ఎక్కడ పెట్టాలో మీలో మీరే తేల్చుకోండి అంది. దిగువన కాఫీ కొట్టు ముందు పెట్టాలని మగవాళ్ళ పట్టు. పైవీధిలో పెట్టాలని మా పట్టు. పైవీధి మీరు చూశారు కదా, వాన పడితే గాడిద కూడా ఎక్కదు. అక్కడ ఇళ్ళు దక్కింది మగదిక్కు లేని మాకే. మగవాళ్ళున్నవాళ్ళు ముందే దిగువ స్థలాలు చూసుకున్నారు. మొన్న మా పక్కింటి పెలాగియా కిరసనాయిలు డబ్బాల నిండా నీళ్ళు మోసుకొస్తూ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. తివాచీల మగ్గం మీద ఇప్పుడు ఒంటిచేత్తో ముడులు వేస్తోంది.

మన అయివలీ సంఘంలో ఇంటికొక ఓటు, అది ఇంటి యజమానిది. జాడ తెలియని యజమాని కుర్చీని ఖాళీగా ఉంచుతారు. సమావేశం మొదట్లో అధ్యక్షుడు అరిస్తిదిస్ బాబాయి వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తాడు. పేరు పేరుకీ అందరూ "ఎదురు చూస్తున్నాం" అంటారు. మొదటి ఏడాది ఆ మాట వింటూ గోడ పక్కన నిలబడి ఏడ్చాను. ఇప్పుడు ఆ మాట అంటూనే వాళ్ళు సిగరెట్లు చుట్టుకుంటున్నారు.

అందుకే కాఫీ కొట్టుకి వెళ్ళి అడిగాను. "బాబాయ్, పైవీధి ఓట్ల సంగతేమిటి?"

"విధవకి ఓటుందమ్మా, నిబంధనల్లోనే ఉంది. నువ్వు విధవవా?"

"నాకేం తెలుసు? ఆరేళ్ళ కిందట అయివలీలో మన మగవాళ్ళని టర్కులు కూలి దళాల్లోకి తోలుకుపోయినప్పుడు నాకు రసీదేమీ ఇవ్వలేదు."

"అయితే చనిపోయినవాళ్ళకి చేసినట్టు వాడి పేర గోధుమలు ఉడికించు. దానిమ్మ గింజలూ బాదంపప్పూ కలిపి, ఫాదర్ చేత ప్రార్థన చేయించి, పేటంతా పంచు. మనవాళ్ళు తిని 'దేవుడు వాణ్ణి క్షమించుగాక' అన్నారంటే నువ్వు విధవవే. మర్నాడే నీ పేరు రాసుకుంటాను."

కాఫీ కొట్టులో ఎవరో నవ్వారు. "పైవీధి అంతా ఉడికిస్తే ఈస్టర్ దాకా మనకి వంట అక్కర్లేదు."

పెలాగియాకి చెబితే మగ్గం ఆపింది. "రేపు మా ఆయన తిరిగొస్తే ఏం చెప్పను? నిన్ను చంపి పంపు తెచ్చుకున్నానని చెప్పనా?"

అందుకే అత్తయ్యా, నేను గోధుమలు ఉడికించను. ప్రోకోపిస్ పేరు పిలిచినప్పుడు వెళ్ళి అతని కుర్చీలో కూర్చుంటాను. అతను వచ్చేదాకా ఆ ఓటు నాది అంటాను. ఈ ఊరివాళ్ళు మనల్ని పెరుగులో బాప్తిస్మం తీసుకున్న సగం టర్కులని వెక్కిరిస్తే, మమ్మల్నీ మనుషులుగా లెక్కపెట్టండని పెట్టుకున్న సంఘం ఇది. అందులోనే నన్ను లెక్కపెట్టకపోతే ఎలా?

మీ కోడలు
ఫిలియో

*

కవాలా
మార్చి 1928

అమ్మాయీ ఫిలియో,

అక్షరాలు నా మనవరాలివి, మాటలు నావి. దానికి ఏడుపొచ్చినా ఆపకుండా రాయమన్నాను.

ఆ కుర్చీలో కూర్చోకు.

నా కొడుకు రాడు. నాలుగేళ్ళ కిందట టర్కులు బందీలను వదిలిపెట్టినప్పుడు మన పరుపులు కుట్టేవాడి కొడుకు ఈ ఊళ్ళో ఓడ దిగాడు. టర్కులు వాళ్ళని తోలుకెళ్తుంటే మనిసా ఊరు దాటాక దారిలో ప్రోకోపిస్‌కి జ్వరం తగిలిందట. నడవలేనివాళ్ళని అక్కడే వదిలేశారట. వీడు తన చేతులతో మట్టి కప్పి వచ్చాడు. నడుం బెల్టు తెచ్చిచ్చాడు, నేను కుట్టిందే. ఆ వారమే గోధుమలు ఉడికించాను. ఫాదర్‌ని పిలవలేదు, ఎవరికీ పంచలేదు. తలుపేసుకుని నేనొక్కదాన్నే తిన్నాను.

నీకు చెప్పలేదు. చెబితే మళ్ళీ పెళ్ళి చేసుకుంటావని భయపడ్డాను. నువ్వు వాడికోసం ఎదురు చూస్తున్నంతకాలం వాడు ఎక్కడో ఒకచోట ఉన్నట్టే ఉండేది. దానికి నిన్ను క్షమాపణ అడగను, నేను వాడి తల్లిని. ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ఆ అరిస్తిదిస్ నా కొడుకు చావుని ముందు పెట్టుకుని నీతో బేరమాడుతున్నాడు. చిన్నప్పుడు ఆ అరిస్తిదిస్ ముక్కు కారుతుంటే నేను తుడిచాను, వాడికి ఇంత పెద్దరికమా?

నా కొడుకు కుర్చీలో కూర్చుంటే వాడి ఓటు వేసినట్టవుతుంది. ఆరేళ్ళు నీళ్ళు మోసింది వాడా, నువ్వా? నీ కుర్చీ నువ్వు తీసుకెళ్ళు.

మీ అత్త
మెర్సీనా

*

కొక్కినియా
ఏప్రిల్ 1928

అత్తయ్యా,

మీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు మగ్గం దగ్గరికి వెళ్ళలేదు. పెలాగియా వచ్చి పక్కన కూర్చుంది. మూడో రోజు గోధుమలు నానబోశాను.

ఆదివారం ఒక చేత్తో మన వంటింటి కుర్చీ, ఇంకో చేత్తో పళ్ళెం పట్టుకుని వెళ్ళాను. నా వెనక పెలాగియా, ఆ వెనక పైవీధి అంతా, ఎవరి కుర్చీ వాళ్ళు మోసుకుని వచ్చారు. బాబాయి చూపు ముందు పళ్ళెం మీదే పడింది.

"ఉడికించావా తల్లీ? మంచి పని చేశావు. ఫిలియోకి చోటివ్వండర్రా, ఇకనుంచి ఆమెకి ఓటుంది. మిగతావాళ్ళు గోడ దగ్గరికి జరగండి."

నేను పళ్ళెం మీద గుడ్డ కప్పాను.

"ఇది ఓటుకి ఇచ్చే టికెట్టు కాదు బాబాయ్. ఇది నా మొగుడిది. ముందు ఓట్లు కానివ్వండి."

"నిబంధన..."

"నిబంధన రాసింది మీరే, దిద్దేదీ మీరే. పెలాగియా భర్త రేపు రావచ్చు. రాకపోవచ్చు. ఈలోగా ఆ ఇంటి యజమాని ఎవరు? విరిగిన చెయ్యి ఎవరిది?"

"ఈ ఆడవాళ్ళు గోల చేస్తున్నారు," అని వెనకనుంచి ఒకడు అన్నాడు.

పెలాగియా తన కుర్చీ సరిగ్గా అతని ముందు వేసుకుంది. "గోల ఇంకా మొదలుపెట్టలేదు నాయనా. కూర్చున్నాం, అంతే."

మమ్మల్ని లేపడానికి ఎవరూ లేవలేదు. మేమూ లేవలేదు. చివరికి మన రొట్టెల బట్టీ యానాకోస్ చెయ్యెత్తాడు. "మా ఇల్లు దిగువనే. కానీ వీళ్ళని లేపితే రేపు నా దగ్గర రొట్టె ఎవరు కొంటారు? నా ఓటు పైవీధికే, రాసుకో." నవ్వులు రేగాయి. బాబాయి మా చేతులు కూడా లెక్కపెట్టక తప్పలేదు. పంపు పైవీధికి వస్తోంది.

అప్పుడు గుడ్డ తీశాను. "ప్రోకోపిస్ చనిపోయాడు. మనిసా దాటాక, దారిలో," అన్నాను. ఒక్కొక్కరే వచ్చి పిడికెడు తీసుకున్నారు. చివరికి అరిస్తిదిస్ బాబాయి వచ్చాడు. "దేవుడు వాణ్ణి క్షమించుగాక," అని చాలాసేపు నములుతూ నిలబడ్డాడు. ప్రోకోపిస్‌కి ఈత నేర్పింది తనేనట, మీకు గుర్తుందా అత్తయ్యా?

మీ భయం గురించి ఒక మాట. మళ్ళీ పెళ్ళి చేసుకుంటానో లేదో నాకే తెలియదు. చేసుకుంటే మీకు ముందే రాస్తాను, అనుమతి మాత్రం అడగను. ఎదురు చూసిన ఆరేళ్ళలో నాలుగేళ్ళు మీరు నానుంచి దాచినవి. అందుకు కోపం ఉంది. ఆ కోపం మీరు వచ్చాక ఎదురుగా చెబుతాను.

కాబట్టి రండి. సమావేశం నుంచి రెండు కుర్చీలు మోసుకొచ్చాను, నాదీ ప్రోకోపిస్‌దీ. అతనిది పంపు పక్కన వేస్తాను. మీరు దాంట్లో కూర్చోండి. నీళ్ళ వరసలో ఎవరైనా తోసుకొస్తే మీ నోరు చాలు.

మీ కోడలు
ఫిలియో
అయివలీ సంఘం సభ్యురాలు