చాచాకు షో నచ్చుతలేదు

బాపూ,

నువ్వు పోయి ఏడాదైంది. రాత్రిపూట నువ్వు చూసే కామెడీ షో కూడా ఖరాబైంది. పాత జోడీ వేరే ఛానల్‌కు పోయింది. కొత్తగొచ్చిన మొగోళ్లు చీరలు కట్టుకొని కిందమీద పడుతున్నరు. జడ్జమ్మ ఒక్కతే నవ్వుతున్నది, ఆమెకు పైసలిస్తరు గదా.

పొద్దున పాలకొచ్చిన పక్కింటి రహీం చాచాది కూడా గదే లొల్లి. "యాక్టర్లను మార్చిన్రు, షోల దమ్ లేదు" అన్నడు.

"నీకు తెలుగే సక్కగ రాదు, నీకెట్ల తెలుసు చాచా?" అని అడిగిన.

"గోడ అవతల మీ బాపు నవ్వంగనే నేను నవ్వుతుంటి బేటా. ఇప్పుడు యాడ నవ్వాల్నో సమజ్ అయితలేదు."

"అవు చాచా, మెయిన్ యాక్టరే పోయిండు" అని చెప్పి పాలు జర ఎక్కువనే పోసిన.

నువ్వుంటే ఆ జరంత పాలకు దినమంత తిడుతుంటివి.