ముంబయి కోటాలో తువ్వాలు

పుణె
మార్చి 4

తాతకి ఝాన్సీ నమస్కారాలు.

ఫోన్లో అయితే హిందీలోకి జారిపోతున్నానని, తెలుగులో ఉత్తరం రాస్తేనే మామ్మ సున్నుండలు పంపుతుందని నువ్వు పెట్టిన రూలు పాటిస్తున్నాను. నీ ఉత్తరాలు శుభ్రంగా చదువుకుంటున్నాను కూడా.

ఇక్కడ ఒక చిక్కొచ్చింది. మా పెద్ద కంప్యూటర్లు మా దగ్గర ఉండవు. ముంబయిలో ఎక్కడో ఉంటాయి, అద్దెకి తీసుకుని ఇక్కడినుంచి నడుపుతాం. ఎన్ని ప్రాసెసర్లు వాడొచ్చో ఊరూరికీ ఒక కోటా. ముంబయిలో మాకు ముప్ఫై రెండు. ఇరవై ఐదో తారీఖున ఒక బ్యాంకు వాళ్ళకి నేను పని చేసి చూపించాలి, దానికి ఇరవై నాలుగు కావాలి. చూస్తే ఖాళీ పదహారే ఉన్నాయి. మిగతావి ఎవరు వాడుతున్నారని అడిగితే అందరూ మేం కాదంటున్నారు. ఆ రోజు చూపించలేకపోతే నా ఉద్యోగం పర్మనెంట్ అవదు.

అమ్మకి చెప్పకు.

నీ ఝాన్సీ

*

దయాల్‌బంద్, బిలాస్‌పూర్
మార్చి 8

చిరంజీవి ఝాన్సీ గుంటకి తాత ఎర్రయ్య దీవించి రాయించునది ఏటంటే,

కోటా కోసం ఏడుస్తావేటే? రైల్వే డివిజను ఆఫీసులో ప్యూనుగా ఇరవై రెండేళ్ళు బెర్తుల కోటా చీటీలు మోసినోడి మనవరాలివి. నా చేతిలో చీటీ చూస్తే టీటీలు లేచి నిలబడీవోరు.

ప్రాసెసర్లంటే ఏటని మన గోవిందరావుని అడిగాను. రిజర్వేషన్లో క్లర్కు చేసి రిటైరయినాడు కాదా, అన్నీ తెలుసు. లోపల కూకుని లెక్కలు కట్టే గుమస్తాలన్నాడు. ఇరవై నలుగురు గుమస్తాలకి ముంబయి దాకా బెర్తులు, అంతే కదా. బిలాస్‌పూర్ కోటా లేకపోతే రాయ్‌గఢ్ నుంచి టికెట్ తియ్, ఇక్కడ ఎక్కించు. పెద్దోలెవరైనా ఉంటే చెప్పు, కింద బెర్తు అడుగుదుము. దారిలోకి మామ్మ పులిహోర చేస్తానంటోంది.

ఇట్లు
నీ తాత

తా.క. (మార్జిన్లో, అడ్డంగా) మామ్మ పొయ్యి దగ్గరికి ఎల్లింది, ఈ సందులో రాస్తన్నాను. దాని పులిహోర తింటే ఆ గుమస్తాలు లెక్కలు మర్చిపోతారు. ఇది చదివితే వచ్చే ఉత్తరంలో కోడి బొమ్మ ఒకటి ఎయ్యి.

*

పుణె
మార్చి 12

తాతకి నమస్కారాలు.

అరే తాతా, వాళ్ళు మనుషులు కాదు. గోళీ అంత యంత్రాలు. రైలెక్కరు, పులిహోర తినరు. మామ్మకి చెప్పు.

రాయ్‌గఢ్ నుంచి తీసే ఉపాయం కూడా పనికిరాదు. హైదరాబాద్‌లో మాకు బోలెడు కోటా ఖాళీగా ఉంది. కానీ బ్యాంకు వాళ్ళ కాగితాలు ముంబయి దాటకూడదని రూలు. ఒక ఊరి కోటా ఇంకో ఊళ్ళో చెల్లదు. పెంచమని అర్జీ పెట్టాను, భయంలో వంద అడిగేశాను. ప్రస్తుతం ఖాళీ లేదని నిన్న జవాబొచ్చింది. ఇంక పదమూడు రోజులే ఉన్నాయి. తిండి సయించట్లేదు.

నువ్వు దయచేసి ఏమీ చేయకు.

నీ ఝాన్సీ

*

దయాల్‌బంద్
మార్చి 16

చిరంజీవి ఝాన్సీకి తాత దీవెనలు.

మనుషులు కాదని ముందే చెప్పొద్దా? మామ్మ శేరు చింతపండు నానేసింది. మూడు రోజులై అదే తింటన్నాం.

వంద అడిగితే ఎవడిస్తాడే? కోటా చీటీలో ఏ బండి, ఏ తారీఖు, ఎంతమంది, ఎందుకు, అన్నీ ఉండాల. ఇద్దరెల్తే ఇద్దరనే రాయాల. నీకు రాయడం రాదని గోవిందరావు చేత పద్ధతిగా రాయించి, ఈ ఉత్తరంతో కలిపి మీ ఆఫీసరు పేరుకే పంపుతున్నాను. "పేర్లు: ప్రాసెసరు ఒకటి మొదలు ఇరవై నాలుగు. వయసు: పాలు మరిచినవి. ఆడా మగా: పరీక్షించలేదు. సామాను: లేదు. కారణం: మనవరాలి ఉద్యోగం." కింద నా వేలిముద్ర కూడా ఏశాను, గట్టిగా ఉంటాదని.

తిండి మానకు.

ఇట్లు
నీ తాత

తా.క. (అడ్డంగా) కోడి ఏదే? నామీద కోపమా? ఒకటి చెప్తాను ఇను. జనరల్ బోగీలో సీటు లేదంటే చూడాల్సింది మనుషుల్ని కాదు, తువ్వాళ్ళని. ఎవడో తువ్వాలేసి పోతాడు. కూకున్నా కూకోకపోయినా అదున్నంతసేపు సీటు ఆడిదే. ఖాళీ లేని ఆ మిగతా పదహారు సీట్ల మీద తువ్వాలు ఎవడిదో చూడు.

*

పుణె
మార్చి 26

తాతకి,

ఇదివరకటివన్నీ నేను నోటితో చెప్తే ఫోను టైపు చేసినవి. ఈ ఉత్తరం నా చేత్తో రాస్తున్నాను. తప్పులుంటే నవ్వకు. మూడు గంటలు పట్టింది.

నీ అర్జీ మా ఆఫీసరు విశ్వనాథం సారుకి అందింది. ఆయనది రాజమండ్రి. ఇరవయ్యో తారీఖు మీటింగులో అందరి ముందూ చదివారు. "పాలు మరిచినవి" దగ్గర ఆయనకి దగ్గొచ్చింది. నేను బల్ల కింద దూరిపోదామనుకున్నాను. తర్వాత నీ ఉత్తరాన్ని పక్కకి తిప్పి మార్జిన్లో ఉన్నది చదివారు. నవ్వడం ఆపి, "ఏమ్మా, ఆ తువ్వాలు ఎవరిదో చూశావా?" అన్నారు.

ముంబయిలో నడుస్తున్నవన్నీ ఒక్కొక్కటీ తెరిచి చూశాం. పదహారు ప్రాసెసర్లు పట్టుకుని, పనీపాటా లేకుండా ఒక మిషను కూర్చునుంది. దాని పేరు "తాత".

అది నేను పెట్టిందే. నిజం చెప్తున్నా. నాకు తెలుగు చదవడం సరిగ్గా రాదు. ట్రైనింగులో ఉన్నప్పుడు, నీ ఉత్తరం ఫోటో తీసి పెడితే చదివి వినిపించేలా దాన్ని చేసుకున్నాను. పది రోజులకో ఉత్తరం చదువుతుంది, మిగతా రోజులంతా ఊరికే సీటు ఆపుతుంది. చిన్న పనే కదా, ఒకటో రెండో ప్రాసెసర్లు పడతాయనుకుని లెక్కలో వేయడం మర్చిపోయాను. అది తిన్నగా ఉన్న లైన్లే చదువుతుంది, అడ్డంగా ఉన్నవి వదిలేస్తుంది. అందుకే నీ కోడి సంగతి నాకు తెలీదు.

"తువ్వాలు మా తాతది సార్" అన్నాను. "తీసెయ్యమ్మా, ఆయన ఏమీ అనుకోరు" అన్నారు. తీసేశాను. నిన్న బ్యాంకు వాళ్ళకి అంతా చూపించాను. పర్మనెంట్ కాగితం వచ్చింది.

ఇకనుంచి నేనే చదువుతాను. కోపం లేదు కదా?

నీ ఝాన్సీ

తా.క. కోడి కింద ఉంది.

*

దయాల్‌బంద్
మార్చి 31

ఝాన్సీ గుంటకి,

గీతలు వంకర పోతన్నాయి. అచ్ఛా, పోనీ. ఇది మొత్తం నానే రాస్తన్నాను, రెండు రోజులై.

నాకెందుకే కోపం? నీ మిషను చదివినవన్నీ మీ మామ్మ రాసినవి. నాను మూడో క్లాసు, అది ఐదు. నాను చెప్తే గుండ్రంగా రాసేది. మధ్యలో నా తిట్లు తీసేసేది కూడా. అది కవరు అంటించేలోగా మార్జిన్లో అడ్డంగా గీకినవే నా సొంతం. అంటే ఏటి, "తాత" అని పేరెట్టుకుని, పదహారు సీట్లు ఆపి, ఆ మిషను నా ముక్క ఒక్కటీ చదవలేదు. నాకు చదివించినోరు లేక, నీకు చదవడం రాక, ఇద్దరం తోడుదొంగలమే. నువ్వు మిషన్ని దింపేశావు కాబట్టి నాను మామ్మని దింపేశాను. దానికే కోపం.

నెమ్మదిగా చదువుకో. తొందరేం లేదు.

ఇట్లు
నిజంగా నీ తాత

తా.క. (అడ్డంగా, గుండ్రటి అక్షరాల్లో) ఈయన పాల ప్యాకెట్టుకి ఎల్లినారు. నీ కోడిని కాకి అనుకుని వీధంతా చూపించినారు. సున్నుండలు చేసినాను. రోజూ రెండేసి మాయమవుతన్నాయి. నీ వాటా డబ్బా మీద తువ్వాలేసి ఉంచాను, వచ్చి నువ్వే తియ్. – మామ్మ