రెండు నెలలకని ఆపిన ట్రంకు పెట్టె

ఈ వీధిలో అందరూ కత్తెరత్త అని పిలిచే దర్జీని నేను. వయసు డెబ్భై రెండు. పెళ్లి లేదు, పిల్లలు లేరు, ఈమధ్య ఆకలి కూడా లేదు. జబ్బు ఒంటికే గాని బుద్ధికి పట్టలేదు. ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా, దేవుణ్ణి తలచుకుని, నా ఇష్టప్రకారం రాస్తున్న వీలునామా ఇది. లోగడ రాసినది దీనితో రద్దు. అందులో షాపు మొత్తం నా తమ్ముడి కూతురికి రాశాను. ఎందుకు మార్చానో ఆరో అంశంలో ఉంది. అంతవరకు తమ్ముడు కుర్చీలోంచి లేవకూడదు.

దీన్ని అమలు జరిపే బాధ్యత పాస్టరమ్మగారిది. ఆవిడ ఒకరి మాట ఇంకొకరికి మోయదు, పట్టిన పని వదలదు.

1. షాపు గది, రెండు కుట్టు మిషన్లు, కత్తిరింపు బల్ల, మా నాన్న కత్తెర నా తదనంతరం సర్వహక్కులతో కాజాలక్కకు చెందాలి. చొక్కాలకు కాజాలు తీయడానికని వచ్చి, షాపంతా నెత్తిన వేసుకున్న మనిషి ఆవిడ. వానాకాలంలో పాత మిషన్ మొరాయిస్తుంది. తిట్టకుండా నూనె వేయాలి.

2. ఆ కత్తెర నా చేతికెలా వచ్చిందో కూడా రాయాలి. నర్సు చదువు ముగించి, దూరాన కొండల్లో ఉన్న మిషనరీ ఆసుపత్రికి బయల్దేరాను. ట్రంకు పెట్టె సర్ది తాళం వేశాను. ఆ ఉదయమే బల్ల దగ్గర నాన్న కుడిచెయ్యి పడిపోయింది. చర్చి పాటల బృందానికి కుట్టాల్సిన అంగీలన్నీ సగంలో వేలాడుతున్నాయి. రెండు నెలలు ఆగి వస్తానని ఆసుపత్రికి కబురు పెట్టాను. నాన్న మంచంమీంచి ఎడమచేతి వేలితో చూపించేవాడు, నేను కుట్టేదాన్ని. వంకర పోతే తిట్లు. "కుట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ వదలవే తల్లీ, మనిషి ఒళ్లు ఎప్పుడూ ఒక్కలా ఉండదు" అనేవాడు. నెలలు ఏళ్లయ్యాయి. కొండలకి ఇంకో నర్సు వెళ్లింది. నేను దేవుడి మీద అలిగాను. ఆరాధనలో అందరూ పాడుతుంటే, నా అలక ఆయనకు వినపడాలనే, నోరు బిగించుకుని కూర్చునేదాన్ని.

3. ఒంటి మీద గాయం ఉన్నవాళ్లకు బట్టలు కుట్టడం ఈ షాపులో ఆగకూడదు. కాజాలక్కకు ఇదొక్కటే షరతు. రొమ్ము ఆపరేషన్ అయిన ఒక టీచరమ్మ, ఏ బట్ట వేసుకున్నా కోసినచోట ఒరుసుకుంటోందని మా గుమ్మంలో నిలబడి ఏడ్చింది. గాయం ఎక్కడ లాగుతుందో, ఆ చెయ్యి ఎంతవరకు లేస్తుందో నాకు తెలుసు, నేను చదివిందే అది. కుట్లన్నీ బయటివైపు పెట్టి, పక్కన తెరుచుకునేలా కుట్టిచ్చాను. ఆమె వెనక ఒంటిచేతి వడ్రంగి వచ్చాడు, తరువాత ఒళ్లు కాలిన ఒక చిన్నపిల్ల. నాన్న వదలమన్న గుడ్డలాగే ప్రభువు నా చదువును లోపల మడిచి ఉంచాడని అప్పుడు అర్థమైంది. ఆ ఆదివారం పాడాను. పక్కావిడ మూతి తిప్పుకుంది, నా గొంతు అలాంటిది.

4. మా సంఘంలోని మీసాల పెద్దాయనకు నా కొలతల టేపు. దేవుడు చెయ్యి పడగొట్టి సంఘానికి ఒక దర్జీని సంపాదించాడని ఆయన లేచి సాక్ష్యం చెప్పారు. నాన్న ముందు వరసలోనే కూర్చుని ఉన్నాడు. దేవుడు నడిపిస్తాడని నమ్ముతాను. నన్ను ఆపడానికి ఆ దేవుడే మా నాన్న చెయ్యి పడగొట్టాడని మాత్రం నమ్మను. ఆ మంచం పక్కన నన్ను ఒంటరిగా వదల్లేదు, నాకు తెలిసింది అంతే. పెద్దాయన ఇకమీదట కొలిచి మాట్లాడాలని నా మనవి.

5. తమ్ముడికి నా గొడుగు. నాన్న చెయ్యి పడిపోయినప్పుడు పరీక్షలున్నాయని తప్పించుకున్నాడు. ఆ పరీక్షలూ తప్పాడు. కోపం ఇంకా ఉంది. అయినా వాడికి జలుబు త్వరగా చేస్తుంది, తడవకూడదు.

6. తమ్ముడి కూతురికి నా ట్రంకు పెట్టె. నాలాగే నర్సు చదువు ముగించిన ఆ పిల్ల, నేను మంచం పట్టినప్పటినుంచి ఇక్కడే ఉంటోంది. ఈమధ్య ముక్కలు వేసే గోనెసంచిలో తెల్లగుడ్డ కత్తిరింపులు కనపడ్డాయి. మెడ వంపు, జేబు మూల చూడగానే తెలిసింది, అది నర్సు యూనిఫాం. కొన్నాళ్లకు అదే సంచిలో ఊడదీసిన తెల్లదారాలు. అడిగితే నవ్వేసి, "ఏముందత్తా, ఉద్యోగం ఇస్తామన్నారు. రెండు నెలలు ఆగమన్నాను, నువ్వు లేచి తిరిగాక వెళ్తాలే" అంది. ఆ మాట నాది.

అత్త దారే మేనకోడలిదీ, అంతా దేవుని చిత్తం అని సంఘంలో అప్పుడే మొదలుపెట్టారు. ఎవరి మలుపులు వాళ్లవి. నన్ను చుట్టూ తిప్పి నడిపించినవాడికి ఆమెను తిన్నగా నడిపించడం రాదా? నా సాక్ష్యం ఆమె కాళ్లకు సంకెల కాకూడదు. అందుకే షాపు ఇవ్వలేదు. బంగారుతల్లీ, నీ మీద కోపంతో కాదు. నువ్వంటే నాకు ప్రాణం, అది పైకి చెప్పడం మన ఇంట్లో ఎవరికీ చేతకాలేదు.

పెట్టెలోంచి నా బట్టలు తీసేశాను. నువ్వు విప్పేసిన తెల్లబట్టను మళ్లీ కుట్టి పెట్టాను. చెయ్యి వణికి కుట్టు అక్కడక్కడా వంకరపోయింది. లోపల రెండు వేళ్ల గుడ్డ వదిలాను.

7. పై అంశాలన్నీ నా తదనంతరం అమల్లోకి వస్తాయి. ఆరో అంశం మాత్రం ఈరోజే. వీలునామాలో అలా రాయడం కుదరదని వకీలుగారు అన్నారు. కుదరకపోతే మానె. పెట్టె గుమ్మం దగ్గర పెట్టించాను, స్టేషన్ దాకా తమ్ముడు మోస్తాడు. నాకు మంచినీళ్లందించడానికి కాజాలక్క ఉంది. నేను పోయేదాకా నువ్వు ఆగొద్దు.

2018 జూన్ 11, సోమవారం ఉదయం, కత్తిరింపు బల్ల మీద పెట్టి సంతకం చేశాను.

(సంతకం)
కత్తెరత్త

ఆమె మా కళ్లముందే సంతకం చేసిందనడానికి సాక్షులు:
1. వీధి చివర మందుల షాపాయన
2. ఒంటిచేతి వడ్రంగి

(కాజాలక్క కూడా సంతకం పెడతానంది. ఆస్తి పుచ్చుకునేవాళ్లు సాక్షులు కాకూడదట. ఆవిడ పెట్టెకు తాడు కడుతోంది.)