జయరావు తిన్న తిట్లు

రేణిగుంట,
16-11-2003

అమ్మకు,

పెద్దవాడు దొరస్వామి నీ పాదాలు తాకి రాసేది. నేను ఇక్కడ బాగున్నాను. అక్కడ నువ్వు, తమ్ముడు యోగానంద, మరదలు నవీన, పాప అందరూ చల్లగా ఉండాలని ఆ ఏడుకొండలవాడిని అడుగుతున్నాను. నీకు చూపు ఆనడం లేదు కాబట్టి ఈ ఉత్తరం తమ్ముడే చదువుతాడు. తమ్ముడూ, ఒక్క మాట. మధ్యలో ఎక్కడైనా చదవబుద్ధి కాకపోయినా ఆపవద్దు, ఒక్క ముక్క కూడా దాటేయవద్దు. అమ్మ మొత్తం వినాలి.

రాగిపిండి అందింది. సంగటి ముద్ద చిన్నది చేసుకుని తినమని రాయించావు. చిన్న ముద్దలే చేసుకుంటున్నానమ్మా, రెండు. మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది. గోడౌన్‌లో మెట్లెక్కే పని తప్పించి నన్ను కాటా దగ్గర కూర్చోబెట్టారు. వచ్చే మూటలు, పోయే మూటలు తూచి చీటీ రాయడం నా పని. మధ్యాహ్నం అందరూ అన్నానికి పోయినప్పుడు నేనూ ఒకసారి ఎక్కి చూసుకున్నాను. నూట నలభై ఆరు కిలోలు. ఆ చీటీ మాత్రం రాయలేదు.

తిరుపతి ఆసుపత్రిలో నేను పోయే గుంపు సంగతి అడిగావు. "మాటలకు కొవ్వు కరుగుతాదా నాయనా, మందేమన్నా ఇస్తారా?" అని రాయించావు. మందిచ్చే డాక్టరు వేరే ఉన్నాడు. ఇది వేరు. ప్రతి ఆదివారం మావంటి భారీ మనుషులం ఎనిమిది మందిమి ఒక గదిలో చేరతాం. నడిపేది పంకజాక్షి మేడం. మొదటిరోజు నేను గుమ్మంలోనే నిలబడి లోపలికి చూశాను. ఎక్కడికి వెళ్ళినా నేను ముందు చూసేది కుర్చీనే. అక్కడ చేతులున్న కుర్చీ ఒక్కటీ లేదు. గోడ పొడవునా వెడల్పాటి చెక్క బెంచీలు వేశారు. ఎవరో మా గురించి ముందే ఆలోచించారు కదా అనిపించి, కూర్చోకముందే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అక్కడ ఎంత తగ్గావని ఎవరూ అడగరు. మేడం మొదటే చెప్పింది: "తగ్గేది తరవాత సూద్దాం. మిమ్మల్ని మీరు దినానికి ఎన్నిసార్లు తిట్టుకుంటా ఉండారో, ముందు అది సూడండి." ఒకరు తమ కష్టం చెబుతారు. అదే కష్టం మన ఇంటి బిడ్డకు వస్తే ఏమంటామో, తక్కినవాళ్ళం ఆ మాట వాళ్ళతో అనాలి. తరవాత వాళ్ళు అదే మాట తమకు తాము చెప్పుకోవాలి. మొదటిది సులభం. రెండోదానికి వచ్చేసరికి అందరం తప్పించుకోవాలని చూస్తాం. చిత్తూరు నుంచి మహబూబున్నీసా అని ఒకామె వస్తుంది. ఊళ్ళో పెళ్ళికూతుళ్ళందరికీ జాకెట్లు ఆమే కుడుతుంది. తాను మాత్రం తొమ్మిదేళ్ళుగా ఒక్క పెళ్ళికీ పోలేదు. ఆమెకు నేను ఎంత మంచి మాట చెప్పానో చూసి నేనే ఆశ్చర్యపోయాను.

నా వంతు మాత్రం నాలుగు వారాలు దాటేశాను. "నాకేం కష్టం లేదు మేడం, తిండి పిచ్చి, అంతే" అని నవ్వించి తప్పించుకున్నాను. లావుపాటివాడు ముందే తన మీద తానే జోకు వేసుకుంటాడు. ఎదుటివాడు వేసేది అప్పుడు కొంచెం తక్కువ నొప్పిగా ఉంటుంది. ఐదో వారం నోరు తెరిచాను. అక్కడ చెప్పిందే ఇప్పుడు నీకు చెబుతున్నాను. ముందు నీకు చెప్పాల్సింది పరాయివాళ్ళకు చెప్పాను, అదొక తప్పు.

పోయిన ఉత్తరం చివర, "ఆ ఫోనంగడి జయరావు ఇంకా కులాసాగా అంగట్లో కూసోనుండాడా?" అని రాయించావు. నాయన పోయిన కబురు ఆయన నాకు సమయానికి చెప్పలేదని నీకు ఏడాది కావస్తున్నా కోపం చల్లారలేదు. అమ్మా, ఆయన చెప్పాడు.

ఆ రోజు పొద్దున ఏడు గంటలకే తమ్ముడు ఆయన అంగడికి ఫోన్ చేశాడు. జయరావు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చి నా గది తలుపు తట్టాడు. "దొరస్వామీ, మీ నాయన పోయినాడంటప్పా. బిన్నా బయల్దేరు" అన్నాడు. నా చొక్కా గుండీలు కూడా ఆయనే పెట్టాడు. ఎనిమిదింటికి బస్సెక్కాను. పదిన్నరకు పూతలపట్టు క్రాసులో దిగాను.

అక్కడి నుంచి మన ఊరు మైలు దూరమే కదా. చావు డప్పుల, పలకల శబ్దం రోడ్డు మీదికే వినిపిస్తోంది. నాలుగు అడుగులు వేశాను. తలకొరివి పెట్టాల్సింది పెద్దకొడుకు అని అప్పుడు గుర్తొచ్చింది. చొక్కా విప్పాలి. నెత్తిన నీళ్ళు పోయించుకోవాలి. తడి పంచె ఒక్కటే ఒంటికి అతుక్కుని ఉండగా, నిప్పుకుండ పట్టుకుని, మన వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా ప్రతి గడపలో నిలబడ్డ జనం ముందు నడవాలి.

పెదనాయన పోయినప్పటి సంగతి నీకు తెలియదు, నువ్వు ఆడవాళ్ళలో ఉన్నావు. బోరు దగ్గర మగవాళ్ళమంతా స్నానాలు చేస్తున్నాం. నేను చొక్కా విప్పగానే ఎవరో, "వీనికి కడవ నీళ్ళు సాలవబ్బా, ఫైరింజను పిలిపీండి" అన్నారు. చావింటి దగ్గరే అందరూ పగలబడి నవ్వారు. నాయన కూడా నవ్వాడు. నలుగురిలో నవ్వకపోతే బాగుండదని నవ్వాడో, నిజంగానే నవ్వొచ్చిందో, నాకు ఈ రోజుకీ తెలియదు. అడగలేదు. ఇక అడగలేను.

కోపంతో రాలేదనుకోవద్దు. నాయన మీద నాకు కోపం లేదు. సిగ్గమ్మా, అంతే. కాళ్ళు ముందుకు పడలేదు. టీ అంగడి వెనక నిలబడ్డాను. మామయ్య పూలదండలు కొనడానికి క్రాసుకు వస్తే మొహం గోడకు తిప్పుకున్నాను. పలకలు చాలాసేపు ఒకచోటే మోగాయి. తరవాత మెల్లగా వంక దగ్గరి శ్మశానం వైపు కదిలాయి. నాయన్ని తీసుకుపోతున్నారని తెలుస్తూనే ఉంది. ఆ శబ్దం ఆగేదాకా అక్కడే ఉన్నాను. ఆగింది. రెండింటి బస్సుకు వెనక్కి వచ్చేశాను.

మూడోనాడు ఇంటికి వచ్చి, జయరావు మర్నాటికి గానీ చెప్పలేదని నీతో అబద్ధమాడాను. పెద్దకర్మ రోజు ఆయన, పాపం, పండ్లు తీసుకుని నిన్ను పలకరిద్దామని వచ్చాడు. పందిట్లో అందరి ముందూ నువ్వు ఆయన్ని నిలదీశావు. "ఒక్క మాట చెప్తే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా? నా బిడ్డని కడసారి నాయన మొగం సూడకుండా సేసినావే, నీ ఇల్లు కూలిపోనూ!" అన్నావు. ఆయన తల వంచుకుని విన్నాడు. నేను పక్కనే ఆకు ముందు కూర్చుని ఉన్నాను. అన్నం కలుపుతున్నాను. నోరు తెరవలేదు.

ఇదంతా చెప్పాక మహబూబున్నీసా కళ్ళు తుడుచుకుని, "అంత దూరం బస్సులో పోయినారే అన్నా. నాయన మీద పానం లేనోళ్ళు అంత దూరం పోరు" అంది. ఆ మాట నాకు నేను చెప్పుకోమని మేడం అడిగింది. సగం చెప్పాను. మిగతా సగానికి జయరావు అడ్డం వచ్చాడు. ఆయన్ని కలవకుండా ఆ మాట నాకు గొంతు దిగదన్నాను. "అయితే పోయి కలవండి. మీ మీద మీరు జాలిపడమంటే తప్పు దాచిపెట్టుకోమని కాదు" అంది మేడం.

సోమవారం సాయంత్రం అంగడికి పోయాను. నేను మొదలుపెట్టగానే జయరావు ఆపాడు.

"నాకు తెలుసులేప్పా. నువ్వు పొయ్యేది సూసినా, పొద్దు గూకకముందే తిరిగొచ్చి తలుపేసుకునేదీ సూసినా."

"మరి మాయమ్మ తిట్టేటప్పుడు ఎందుకు చెప్పకపోతివన్నా?"

"సెప్పింటే అంతమందిలో నీ మొగం యాడ పెట్టుకుంటావు? నేను పరాయోణ్ణి, తిట్లు తిని బస్సెక్కేస్తి. నువ్వు ఆ ఇంటోడివి. మీయమ్మకూ మొగుడు పోయిన దుక్కం, ఎవురో ఒకర్ని తిట్టల్ల గదా."

పూతలపట్టులో ఆయన చెల్లెలు ఉందట. నీకు ఎదురుపడితే నువ్వు మళ్ళీ బాధపడతావని, ఏడాదిగా ఆమె ఇంటికి పోవడం కూడా మానుకున్నాడు. అది విన్నాక నాకు మూడు రోజులు సంగటి ముద్ద ఒక్కటి కూడా దిగలేదమ్మా.

వచ్చే నెల నాయన ఏడాది. కర్మ చేసే హక్కు తమ్ముడిది, అది నేను అడగను. తమ్ముడూ, ఆ రోజు నా బదులు నిప్పుకుండ పట్టుకుని నడిచావు. అన్న ఎందుకు రాలేదో అడగకుండా నడిచావు. నీకు నా ముఖం ఎలా చూపాలో తెలియడం లేదు, అయినా వస్తాను. మగవాళ్ళందరితో పాటు బోరు దగ్గర చొక్కా విప్పి స్నానం చేస్తాను. రాస్తుంటేనే భయంగా ఉంది. ఎవరైనా నవ్వితే నవ్వనీ.

అమ్మా, నా వెంట జయరావును తీసుకొస్తున్నాను. రానంటే రానన్నాడు, బతిమాలి ఒప్పించాను. నువ్వు ఆయన్ని తిట్టిన చోటే నిలబడి, ఈ ఉత్తరంలో రాసిందంతా అందరూ వినేలా నా నోటితో చెబుతాను. నన్ను క్షమించమని అడగడానికి నాకు నోరు రావడం లేదు. నన్ను వాకిట్లోనే నిలబెట్టినా నిలబడతాను. ఆయనకు మాత్రం కాళ్ళకు నీళ్ళిచ్చి, లోపలికి రమ్మని నువ్వే పిలువు.

ఇట్లు,
నీ పెద్దకొడుకు
దొరస్వామి