పెద్దక్క పీట

పిన్నీ,

ఈ ఉదయం నీ పలక తడిగా ఉంది.

నువ్వు దసరా ముందు పోయావు. ఇప్పుడు ఉగాది దాటింది, అడవిలో తునికి పండ్లు వచ్చాయి. ఎలా ఉన్నావని అడగాలో, ఎక్కడ ఉన్నావని అడగాలో తెలియక ఇన్నాళ్ళూ రాయలేదు. పొద్దున ఆ పలక చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

నిన్న సాయంత్రం నేనే పొడిగుడ్డతో తుడిచి, నీ పీట మీద పెట్టి, బడి తడిక కట్టేసి వచ్చాను. కుండలో చుక్క నీళ్ళు లేవు. పొద్దున నేను తడిక విప్పేసరికి పిల్లలింకా నీళ్ళకు చెలమ దగ్గరికి కూడా పోలేదు. అయినా పలక నిండా తడి, చెక్క చట్రం దాకా... ఇప్పుడే ఎవరో తడిగుడ్డతో గుండ్రంగా తుడిచినట్టు.

నువ్వు అలాగే తుడిచేదానివి కదా? మధ్య నుంచి అంచులకు, గుండ్రంగా. పిల్లలు ఉమ్మితో తుడిస్తే ఊరుకునేదానివి కాదు. "చదువును ఎంగిలి చేయగాకండి నాయనా" అనేదానివి.

ఇది మంచు పడే కాలం కాదు. మరి ఎవరు?

నీకు తెలియని సంగతి ఒకటి ముందు చెప్పాలి. దీపావళి వెళ్ళాక నాయన నన్ను పుల్లలచెరువు పంపింది నీ బడి నడపడానికి కాదు, మూసి రావడానికి. నీ చీరలు, పుస్తకాలు ట్రంకు పెట్టెలో సర్దుకుని నాలుగు రోజుల్లో గిద్దలూరు వచ్చెయ్యమన్నాడు. అడవి అంచున ఒక్కతే ఉండి చలిజ్వరంతో పోయింది, ఇక చాలు అన్నాడు. అది కోపమో, భయమో... నాకు తెలియలేదు.

నేనూ అందుకే వచ్చాను. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదని నీకు తెలుసు. "మా పిల్ల పుస్తకాలతో మాట్లాడుతది, మనుషులకు సెలవు" అని నవ్వేదానివి.

వచ్చిన రోజు బోదగడ్డి కప్పు కింద పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. ఎవరూ పిలవలేదు, గంట కొట్టలేదు. గుంజ పక్కన నీ పీట ఖాళీగా ఉంది. లేచి అటూ ఇటూ పోయే పిల్లలు దాని చుట్టూ తిరిగి పోతున్నారు, మనిషి కూర్చుని ఉంటే తప్పుకుని పోయినట్టు. నేను దాని మీద కూర్చోబోయాను. పిల్లలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. నేల మీద కూర్చున్నాను. అప్పుడు వదిలారు.

నువ్వు వాళ్ళకు పెద్దక్కవి. నేను చిన్నక్కనైపోయాను. నాలుగు రోజులు అలా అలా జరుగుతూ వచ్చాయి. నేను పోతే వీళ్ళు మళ్ళీ తేనెకూ గడ్డలకూ అడవిలోకి చెదిరిపోతారు. కొత్త రాష్ట్రంలో ప్రతి ఊరికీ సర్కారు బడి వస్తుందని పంచాయతీ సమితి జీపులో వచ్చినవాళ్ళు అంటారు గాని, ఈ గూడెం పేరు వాళ్ళకు రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

మధ్యాహ్నం సమితి ఇచ్చే పాలపొడి గంజి, దానితో జొన్న సంకటి. విస్తట్లో పెట్టగానే పిల్లలు తినరు. ఒక్కొక్కరూ చిటికెడు తెచ్చి పీట ముందున్న నీ పలక మీద పెడతారు. తేనె తీసినా, గడ్డ తవ్వినా, అది ఇచ్చిన అడవితల్లికి ముందు కొంచెం పెట్టి గాని నోట్లో వేసుకోరట ఈ చెంచు ఇళ్ళలో. మరి నువ్వు సంకటి ఇచ్చిన తల్లివి.

సాయంత్రానికి పలక మీద ఏమీ మిగలదు. కాకులే తింటాయనుకున్నాను. కానీ కాకి తిన్న చోట మెతుకులు చెదిరి ఉండాలి కదా?

గురవమ్మ సంగతి చెప్పాలి. ముందుపళ్ళు ఊడిపోయిన పిల్ల. మాటలో సగం గాలి, అయినా మాట తగ్గదు. నేను బలపం పట్టుకున్న తీరు చూసి, "అట్ల గాదు చిన్నక్కా! పెద్దక్క బలపాన్ని బొటనవేలి కింద దాసిపెట్టుకుంటది. ఇట్ల" అని చూపించింది. అచ్చం నీ పట్టు, పిన్నీ...

చెవిపోటు భయానికి, గాలి లేస్తే నువ్వు ఎడమ చెవి మీదికి కొంగు లాక్కునేదానివి గుర్తుందా? ఆ పిల్లకు కొంగు లేదు, భుజాన ఒక పాత గుడ్డపేలిక ఉంది. గాలి లేస్తే ఆ పేలిక ఎడమ చెవి మీదికి పోతుంది.

మొన్నొక రోజు పాలపొడి తక్కువైంది. పిల్లలకే చాలని చోట పలక మీద అంత ముద్ద చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. అది తీసి అందరికంటే చిన్నపిల్ల విస్తట్లో వేసి, పలక తుడిచేశాను. పెట్టినవాళ్ళకు చేతులు జోడించి ఒక్క మంచి మాట అంటే చాలని చెప్పాను. కాన్వెంటులో మాకు నేర్పింది అదే. "థాంక్యూ మదర్" అనందే అన్నం ముట్టనిచ్చేవారు కాదు.

ఎవరూ తినలేదు. అంత ఆకలిగల పిల్లలు... ఆ చిన్నది తన విస్తట్లో పడిన ముద్దను రెండు చేతుల్లో పట్టుకుని వెక్కుతోంది. తక్కినవాళ్ళు పీట వైపు చూస్తున్నారు. పీటను కాదు పిన్నీ, దానికి కొంచెం పైన. కూర్చున్న మనిషి ముఖం ఉండే ఎత్తులో. అందరి చూపూ ఒకే చోట ఆగింది.

"పెద్దక్క ఖాళీ పలక సూస్తాంది చిన్నక్కా. మేమెట్ల తినేది?" అంది గురవమ్మ.

నా విస్తట్లోంచి మొదటి ముద్ద తీసి నీ పలక మీద పెట్టాను. అప్పుడందరూ ఒక్కసారిగా తినడం మొదలుపెట్టారు. గురవమ్మ పీట వైపు చూసి తల ఊపింది, ఎవరో ఏదో అంటే ఊఁకొట్టినట్టు.

ఆ రోజంతా ఆలోచించాను. కాన్వెంటులో ఆ మాట అనేసి మేం వెంటనే మర్చిపోయేవాళ్ళం. వీళ్ళు నోటితో ఏమీ అనరు, నీకు చోటు ఉంచుతారు. అమ్మ పోయాక నీ చేతి ముద్దలు తిని పెరిగిన దాన్ని నేను. నీకూ ఒక ముద్ద తీసిపెట్టాలని నాకు ఈ పిల్లలు చూపించాల్సి వచ్చింది.

నిన్న నాయన వచ్చాడు. రైలు దిగి, బస్సెక్కి, చివరికి ఎద్దుబండి మాట్లాడుకుని. నన్ను తీసుకుపోవడానికే.

"ఏందమ్మా, నాలుగు రోజులని పోయినావు. ఉగాది పచ్చడి కూడా ఒక్కన్నే తింటి" అన్నాడు. నాకూ వెంట వెళ్ళిపోవాలనే అనిపించింది. నీ పెట్టె బండిలో పెట్టించాడు కూడా.

ఎండన పడి వచ్చాడు కదా, నీడలో కనిపించిన పీట మీద కూర్చోబోయాడు. గురవమ్మ అడ్డం వచ్చింది.

"నాయనా, ఆడ గాదు. పెద్దక్క మీద కూసుంటావా ఏంది?"

"ఓసినీ! గిద్దలూరు బజార్లో నన్ను లెయ్యమనేటోడు లేడే" అన్నాడు నవ్వుతూ.

"ఇది గిద్దలూరు గాదు గదా" అంది. పిల్లలంతా పకపకా నవ్వారు.

అప్పుడే వడగాలి కొట్టింది. గురవమ్మ పేలికను ఎడమ చెవి మీదికి లాక్కుంది. నాయన నవ్వు ఆగిపోయింది. ఆ పిల్లనే చూస్తూ మెల్లగా నేల మీద కూర్చున్నాడు.

విస్తట్లో సంకటి పెట్టాను. పిల్లలు నీకు పెట్టడం చూశాడు. ఎవరూ చెప్పకుండానే మొదటి ముద్ద తీసి, ముందుకు వంగి, తనూ పలక మీద పెట్టాడు. "తినమ్మా" అన్నాడు, వినీ వినిపించనట్టు. నువ్వు విన్నావా?

పెట్టెను తనే బండిలోంచి దించి లోపల పెట్టాడు. తన దుకాణం నుంచి జొన్నలు పంపుతానన్నాడు. పోతూ నా వైపు ఒకసారి, పీట వైపు ఒకసారి చూసి, "వానలకు ముందే కప్పు నేయించుకోండి. ఇద్దరూ జాగర్తగా ఉండండి" అన్నాడు.

నేను ఇక్కడే ఉంటాను పిన్నీ. నీ మొదటి ముద్ద రోజూ తీసిపెడతాను. ఇక మీదట సాయంత్రం పోయేటప్పుడు కుండలో కొన్ని నీళ్ళు కూడా ఉంచుతాను, నువ్వు పలక తుడుచుకోవడానికి.

బండి ఎక్కే ముందు నాయన గురవమ్మ తల నిమిరి, మీ పిన్ని ఈ పిల్లను బాగా చేరదీసినట్టుందే అన్నాడు.

గురవమ్మ వాళ్ళమ్మతో అడవి లోపలి గూడెం నుంచి ఇక్కడికి వచ్చింది శివరాత్రి దాటాక. నిన్ను ఎప్పుడూ చూడలేదు.